ఆకు కింద కాయ: నేల ఉసిరిని గుర్తుపట్టడం, వాడుకోవడం

తొలకరి పడిన రెండు వారాలకు మీ గులాబీ కుండీలో, మీరు నాటని మొక్క ఒకటి మొలుస్తుంది. జానెడు ఎత్తు, చింతాకు వంటి చిన్న చిన్న ఆకులు, పక్కకు చాపిన సన్నని రెమ్మలు. కలుపు అనుకుని పీకి పారేసేవాళ్లే ఎక్కువ. ఈసారి పీకే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఒక రెమ్మను వేలితో పైకెత్తి కింది వైపు చూడండి. ఆవగింజంత పచ్చని ఉండలు వరసగా వేలాడుతుంటే మీ చేతిలో ఉన్నది బహుశా నేల ఉసిరి.

"బహుశా" అని ఊరికే అనలేదు. ఈ మొక్కకు దగ్గరి బంధువులు మన నేలలో నాలుగైదు ఉన్నాయి, దూరపు పోలికలు ఉన్నవి ఇంకొన్ని. పల్లెల్లో కామెర్లకు పసరు మందు ఇచ్చే వాళ్లు చాలామంది మొక్క పేరు బయటికి చెప్పరు. చెబితే మందు పనిచేయదని ఒక నమ్మకం. తెల్లవారకముందే వెళ్లి, ఎవరితోనూ మాట్లాడకుండా పీకి, నూరి తెస్తారు. దీనివల్ల రెండు నష్టాలు జరిగాయి. మొక్కను గుర్తుపట్టే తెలివి ఒక తరం నుంచి మరో తరానికి అందలేదు. లోపలికి తీసుకున్నది ఏమిటో రోగికీ తెలియదు, తరువాత చూసే డాక్టరుకూ తెలియదు. అందుకే తెలిసినంతా దాపరికం లేకుండా ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా పేరు తేల్చుకోండి

తెలుగులో నేల ఉసిరి, నేల ఉసిరిక అంటాం. సంస్కృతంలో భూమ్యామలకి, తామలకి. తమిళులు కీళానెల్లి అంటారు. "కీళ్" అంటే కింద, "నెల్లి" అంటే ఉసిరి. ఆకు కింద ఉసిరికాయ అని గుర్తుపట్టే పద్ధతిని పేరులోనే పెట్టుకున్నారు. శాస్త్రీయ నామం ఫిలాంథస్ అమారస్. గ్రీకులో ఫిల్లాన్ అంటే ఆకు, ఆంథోస్ అంటే పువ్వు. అమారస్ అంటే లాటిన్‌లో చేదు. మనం పచ్చడి పెట్టుకునే పెద్ద ఉసిరి కూడా ఇదే ప్రజాతికి చెందిన ఫిలాంథస్ ఎంబ్లికా. ఒకటి మాను, ఒకటి జానెడు కలుపు మొక్క, అయినా రెండూ రక్త సంబంధీకులే.

మూలికల పుస్తకాల్లో, పొడి పొట్లాల మీద ఎక్కువగా ఫిలాంథస్ నిరూరి అని కనిపిస్తుంది. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. మన దేశంలో చాలాకాలం ఆ పేరుతో పిలిచింది నిజానికి అమారస్‌నూ, దాని దగ్గరి బంధువులైన ఫ్రాటర్నస్, డెబిలిస్‌లనూ. కాబట్టి పుస్తకంలో నిరూరి అని కనిపిస్తే కంగారు పడకండి. మీరు చూడాల్సింది పేరు కాదు, మొక్క.

ఎక్కడ, ఎప్పుడు వెతకాలి

జూన్ చివరి నుంచి నవంబరు దాకా దీనికి మంచి కాలం. నీళ్లు పోసే కుండీల్లో, అరటి పాదుల్లో, కూరగాయల మళ్లలో ఏడాది పొడవునా దొరుకుతుంది. కాస్త తేమ, కాస్త ఎండ ఉంటే చాలు. నర్సరీ నుంచి మొక్క కొనితెస్తే ఆ మట్టితో పాటు దీని విత్తనాలూ ఇంటికి వచ్చేస్తాయి. మేడ మీద తోట పెంచేవారికి మొదటి ఏడాదే ఇది ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు తెలిసింది కదా.

మందు కోసమైతే మీ కుండీలోదో, మీ పెరట్లోదో మాత్రమే తీసుకోండి. రోడ్డు పక్కన, మురుగు కాలువ గట్టున, రైలు పట్టాల వెంట, కలుపు మందు కొట్టే పొలం గట్ల మీద ఎంత ఏపుగా ఉన్నా ముట్టుకోవద్దు. నేలలో ఉన్న సీసం వంటివి మొక్కలోకి ఎక్కితే కడిగినా పోవు.

గుర్తుపట్టే పద్ధతి

కాయలున్న మొక్కనే పరీక్షకు తీసుకోండి. లేత మొలకను చూసి తేల్చుకోవడం అనుభవజ్ఞులకూ కష్టం. చిన్న భూతద్దం ఒకటి దగ్గర ఉంచుకోండి. లేకపోతే ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి.

మొదట మొక్కను పక్క నుంచి చూడండి. నిటారుగా ఒక సన్నని కాండం. ఎత్తు సాధారణంగా 10 నుంచి 60 సెంటీమీటర్లు. ఆ కాండం మీద మామూలు ఆకులు ఉండవు. కణుపు దగ్గర పొలుసు లాంటిది ఒకటి ఉంటుంది, అంతే. ఆకులన్నీ పక్కకు వచ్చిన సన్నని రెమ్మల మీదే ఉంటాయి. ఇది చాలా ముఖ్యమైన గుర్తు, చాలామంది చూడకుండా వదిలేసే గుర్తు కూడా. ఒక్కో రెమ్మ దాదాపు వేలు పొడవు, దాని మీద రెండు వరసల్లో పదిహేను నుంచి ముప్పై దాకా ఆకులు. ఆకు పొడవు ఒక సెంటీమీటరు అటూ ఇటూ, కొస గుండ్రన, అడుగు లేత రంగు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ రెమ్మను చూస్తే చింతాకు ఈనెలాగో, జీలుగ ఆకులాగో అనిపిస్తుంది. చింతలో మనం ఒక ఆకు అనుకునేది నిజంగానే ఒక ఆకు, అది చిన్న చిన్న భాగాలుగా విడిపోయింది. నేల ఉసిరిలో అది ఆకు కాదు, రెమ్మ. ఎలా తెలుస్తుంది? పువ్వులు, కాయలు ఆకు మొదట్లో, ఆకూ కాండమూ కలిసే చోట పుడతాయి. చింతాకు ఈనెలోని చిన్న ఆకుల మొదట్లో ఎప్పుడూ పువ్వు రాదు. నేల ఉసిరిలో ప్రతి చిన్న ఆకు మొదట్లోనూ వస్తుంది. ఈ తేడా ఒకసారి కంటికి పట్టిందంటే మళ్లీ మరిచిపోరు.

ఇప్పుడు రెమ్మను తిరగేయండి. కొస వైపు ఆకుల కింద తెల్లంచు ఉన్న లేత పచ్చని పువ్వులు, సూది మొన కంటే కొంచెం పెద్దవి, కనిపిస్తాయి. ఒక్కో చోట ఒక మగ పువ్వు, ఒక ఆడ పువ్వు జంటగా ఉండడం అమారస్ లక్షణం. భూతద్దంలో రేకులు లెక్కపెట్టండి. ఐదు ఉంటే అమారస్. ఆరు ఉంటే ఫ్రాటర్నసో డెబిలిసో కావచ్చు. కాయ దాదాపు రెండు మిల్లీమీటర్లు, కొంచెం అణిగిన గుండ్రం, నునుపు, చిన్న తొడిమ. పండితే మూడు గదులుగా పగిలి ఆరు గింజలు చిమ్ముతుంది. గింజ వీపు మీద నిలువు గీతలు ఉంటాయి.

తరువాత కాండాన్ని గిల్లండి. పాలు కారకూడదు. పాలు కారితే అది నేల ఉసిరి కాదు, వెంటనే పక్కన పెట్టండి.

చివరగా ఒక అందమైన పరీక్ష. చీకటి పడ్డాక టార్చి వేసి మొక్కను చూడండి. ఆకులు ముడుచుకుని నిద్రపోతుంటాయి. చింత, అవిసె లాంటివి కూడా ఇలా ముడుచుకుంటాయి కనుక దీనితో ఒక్కదానితోనే తేల్చలేం. కానీ పై గుర్తులన్నీ సరిపోయాక ఇది కూడా సరిపోతే మనసుకు ఒక నిశ్చింత.

రుచి చూసి గుర్తుపట్టమని కొందరు చెబుతారు. నిజమే, నేల ఉసిరి చేదు. కానీ తెలియని మొక్కను నాలుక మీద పెట్టి పరీక్షించడం మంచి అలవాటు కాదు. చేదుగా ఉండే విషపు మొక్కలూ ఉన్నాయి. రుచిని పరీక్షగా వాడకండి.

పొరపాటు పడే చోట్లు

ఒకసారి మా వీధిలో ఒకావిడ, కొడుక్కి కామెర్లని, ఖాళీ స్థలంలో పీకిన మొక్కలు పట్టెడు తెచ్చి నాకు చూపించారు. అందులో మూడో వంతు రెడ్డివారి నానబాలు. నేలను పాకే ఎర్రటి కాడలు, చిన్న ఆకులు. తొందరలో చూస్తే ఒకేలా ఉంటాయి. నేను ఒక కాడ తుంచితే తెల్లని పాలు కారాయి. నానబాలుకు వేరే వాడకాలు ఉన్నాయి, అది వేరే సంగతి. కానీ కాలేయం దెబ్బతిన్న పిల్లవాడికి పొరపాటున నూరి పోయాల్సిన మొక్క అది కాదు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది కాడ గిల్లి చూడమనే.

అత్తిపత్తితో పొరపాటు అరుదు. దానికి ముళ్లు ఉంటాయి, ముట్టుకుంటే ముడుచుకుంటుంది.

అసలు ఇబ్బంది సొంత బంధువులతోనే. కాయ గరుకుగా, చిన్న చిన్న బొడిపెలతో ఉండి, తొడిమ లేకుండా రెమ్మ అడుగున అతుక్కున్నట్లు కనిపిస్తే అది ఫిలాంథస్ యూరినేరియా. కాండం ఎరుపు తిరిగి ఉంటుంది కనుక కొందరు ఎర్ర ఉసిరి అంటారు. అమెరికాలో జార్జియా, టెక్సాస్ వైపు ఉండే మన వాళ్లు ఇంటి ముందు గడ్డిలో "నేల ఉసిరి దొరికింది" అని సంబరపడేది చాలాసార్లు దీన్ని చూసే. అక్కడ దాన్ని చాంబర్‌బిట్టర్ అనే కలుపుగా పీకేస్తారు. అమ్మకు ఫొటో పంపేటప్పుడు పై నుంచి కాకుండా రెమ్మ తిరగేసి తీయండి, కాయ నునుపో గరుకో తెలుస్తుంది. పచ్చిక మీద కలుపు మందులు చల్లడం అక్కడ మామూలు కాబట్టి లోపలికి మాత్రం తీసుకోవద్దు.

మద్రాసు పేరు పెట్టుకున్న ఫిలాంథస్ మదరాస్‌పటెన్సిస్ మన పొలాల్లో బాగా కనిపిస్తుంది. దీన్నీ నేల ఉసిరి అనేవాళ్లున్నారు. ఆకులు కొస దగ్గర వెడల్పుగా, మొదట్లో సన్నగా ఉంటాయి. అన్నిటికంటే తేలికైన తేడా ఏమిటంటే, దీనికి నిలువు కాండం మీద కూడా ఆకులు ఉంటాయి. కాండం మీద ఆకులు ఉంటే మనం వెతికేది కాదు.

ఇంతగా వేరు చేయడం అవసరమా అని మీరు అడగవచ్చు. అవసరమే. దక్షిణాదిలో మూలికల దుకాణాల్లో ఈ పేరుతో అమ్మే సరుకును శాస్త్రవేత్తలు పరీక్షించినప్పుడు ఎక్కువ భాగం అమారస్సే అయినా, కొన్నింట్లో ఇతర జాతులు కలిసి కనిపించాయి. మందు గుణానికి ముఖ్యమనుకునే ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ వంటి పదార్థాలు అన్ని జాతుల్లోనూ ఒకే మోతాదులో ఉండవు. పొడి చేసి పొట్లం కట్టాక ఏ మొక్కో కంటితో చెప్పడం ఎవరి వల్లా కాదు. కొనుక్కున్న పొడి కంటే మీరు గుర్తుపట్టి ఆరబెట్టుకున్న మొక్క మేలని నేను అనడానికి కారణం ఇదే.

ఇంకా అనుమానం తీరకపోతే ఒక మొక్కను వేరుతో సహా తీసి, దినపత్రిక కాగితాల మధ్య పరిచి, పైన బరువు పెట్టండి. రోజూ కాగితం మార్చండి. వారానికి చదునుగా ఎండుతుంది. కొన్ని రెమ్మలు తిరగేసి పెట్టడం మరవకండి. దాన్ని దగ్గరలోని డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారికి చూపిస్తే తేల్చి చెబుతారు. ఇలాంటి ప్రశ్నతో ఎవరైనా వస్తే వాళ్లూ సంతోషిస్తారు.

కోయడం, ఆరబెట్టడం

సమూలం అంటే వేరు, కాండం, ఆకు, కాయ అన్నీ కలిపి వాడడం మన పద్ధతి. కాయలు నిండుగా ఉన్నప్పుడు, వాన వెలిసి నేల మెత్తగా ఉన్న పూట, మొదలు పట్టుకుని నిదానంగా లాగితే వేరుతో సహా వస్తుంది. నాలుగైదు నీళ్లలో కడగండి. వేళ్ల మధ్య మట్టి మొండిగా ఉంటుంది, పాత మెత్తని బ్రష్షుతో రుద్దండి. తరువాత గుడ్డ మీద పలచగా పరిచి నీడన, గాలి తగిలేచోట ఆరబెట్టండి. ఎండలో పెడితే ఆకులు రాలి రంగు పోతుంది. కాండం ఫెళ్లున విరిగితే ఆరినట్లు. గాజు సీసాలో వేసి, పేరు, కోసిన తేదీ రాసి అంటించండి. బూజు వాసన వస్తే మొత్తం పారేయండి, ఏరుకుని వాడవద్దు.

పాత వాళ్లు దేనికి వాడారు

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. ఈ రోజు నేల ఉసిరి అనగానే అందరికీ కామెర్లే గుర్తొస్తాయి. కానీ చరక సంహిత తామలకిని లెక్కపెట్టింది దగ్గును తగ్గించే పది ద్రవ్యాల్లో, ఆయాసాన్ని తగ్గించే పది ద్రవ్యాల్లో. చ్యవనప్రాశ పదార్థాల్లోనూ తామలకి ఉంది. అంటే మనం ఉసిరి లేహ్యం అనుకుని చప్పరించే దానిలో చెట్టు ఉసిరితో పాటు నేల ఉసిరికీ చోటు ఉంది.

ఆయుర్వేదంలో సాధారణంగా చెప్పే మోతాదు పెద్దవారికి పచ్చి రసమైతే 10 నుంచి 20 మిల్లీలీటర్లు, చూర్ణమైతే 3 నుంచి 6 గ్రాములు. కషాయానికి పాత కొలత ఒకటికి పదహారు: 10 గ్రాముల ఎండు మొక్క నలగ్గొట్టి, 160 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, సన్నని సెగ మీద నాలుగో వంతు మిగిలే వరకు మరగనిచ్చి వడకట్టాలి. చేదుగా, కొంచెం వగరుగా ఉంటుంది. మూత్రంలో మంటకు ఈ కషాయం ఇచ్చేవారు. మంటతో పాటు జ్వరం, వణుకు, నడుము నొప్పి ఉంటే అది మూత్రపిండాలకు పాకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు కషాయం మీద ఆధారపడవద్దు.

బ్రెజిల్‌లో అసలు నిరూరిని క్వెబ్రా పెద్రా అంటారు, రాయిని పగలగొట్టేది అని అర్థం. మూత్రపిండాల్లో రాళ్లకు అక్కడ దాని కషాయం తాగుతారు, దాని మీద అక్కడి శాస్త్రవేత్తలు పరిశోధనలూ చేశారు. రాయి పగులుతుందని కాదు, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని పెరగడాన్ని తగ్గించవచ్చని వారి ఆలోచన. మన దగ్గరా రాళ్లకు దీన్ని వాడతారు. ఉన్న రాయి ఎంతో స్కానింగులో చూసుకోకుండా నెలల తరబడి తాగుతూ కూర్చోవద్దు. రాయి అడ్డుపడి మూత్రపిండం నిశ్శబ్దంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

దురదకు ఆకును ఉప్పుతో నూరి పట్టించడం ఇంకో వాడకం. పుండు మీద ఉప్పు భగ్గుమంటుంది, చర్మం పగలని చోటే వాడండి, ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. గజ్జి అయితే ఇంట్లో అందరికీ ఒకేసారి మందు రాయకపోతే పోదు, దానికి చర్మ వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. నోటి పూతకు కషాయాన్ని చల్లార్చి పుక్కిలిస్తారు, ఇది తేలికైనదే. కళ్లలో, ముక్కులో పసరు పిండే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది మాత్రం ఎంతమాత్రం చేయవద్దు.

కామెర్ల విషయం

మా అమ్మమ్మ పద్ధతి నాకు బాగా గుర్తుంది. సమూలంగా నేల ఉసిరిని సన్నికల్లు మీద మెత్తగా నూరి, ఉసిరికాయంత ముద్ద, పరగడుపున మేకపాలలోనో పలచని మజ్జిగలోనో కలిపి, మూడు రోజులు. పైన చప్పిడి పథ్యం. చాలామందికి తగ్గేది. అది అబద్ధం కాదు. తగ్గడానికి కారణం ఏమిటన్నదే ప్రశ్న.

కామెర్లు ఒక జబ్బు కాదు. కళ్లు పచ్చబడడం ఒక లక్షణం మాత్రమే. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. విశ్రాంతి, తిండి, నీళ్లు ఉంటే చాలు. ఆ సమయంలో ఏ మందు ఇచ్చినా పేరు ఆ మందుకే వస్తుంది. హెపటైటిస్ ఈ గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. హెపటైటిస్ బీ, సీ రక్తం వంటి శరీర ద్రవాల ద్వారా వచ్చి ఏళ్ల తరబడి లోపల ఉండిపోగలవు. పిత్తాశయంలో రాయి జారి దారి మూసుకున్నా కళ్లు పచ్చబడతాయి, మద్యం వల్లా, కొన్ని మాత్రల వల్లా పచ్చబడతాయి. వీటన్నిటికీ ఒకే పసరు ఎలా సరిపోతుంది? మా దగ్గరి బంధువు ఒకాయనకు మూడు వారాలు పసరు పోశారు. మలం తెల్లగా వస్తోందని, ఒళ్లంతా దురద అని ఆయన చెబుతూనే ఉన్నారు. అవి దారి మూసుకుపోయిందనే గుర్తులు. స్కానింగులో రాయి కనిపించేసరికి పరిస్థితి చేయి దాటబోయింది. మొక్క ఆయనకు చెడు చేయలేదు. పోగొట్టుకున్న ఆ మూడు వారాలు చేశాయి.

శాస్త్రం ఈ మొక్కను చిన్నచూపు చూడలేదు. హెపటైటిస్ బీ వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ స్వయంగా దీని మీద పనిచేశారు. 1988లో మద్రాసు పరిశోధకులు ఆయనతో కలిసి లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. వైరస్ మోస్తున్న 37 మందికి 200 మిల్లీగ్రాముల అమారస్ పొడి రోజుకు మూడుసార్లు, నెల రోజులు ఇస్తే 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైంది. మందు లేని ఉత్త పొడి తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఆశగా చూసింది. కానీ తరువాత ఇతర చోట్ల చేసిన చాలా పరీక్షల్లో అటువంటి ఫలితం మళ్లీ రాలేదు. 2011లో, వైద్య పరీక్షలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష అన్నిటినీ కలిపి చూసి, ఉత్త పొడి కంటే ఇది మేలని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. తేడాకు కారణం వేరే నేలలో, వేరే కాలంలో కోసిన మొక్కలు కావచ్చునని, జాతి తేడా కావచ్చునని కొందరు వాదించారు. మొక్కను సరిగ్గా గుర్తించడం ఎంత ముఖ్యమో ఆ వాదన కూడా చెబుతోంది.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే వరస ఇది. మొదట రక్త పరీక్ష: కాలేయం సంగతి చెప్పే బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, హెపటైటిస్ వైరస్ పరీక్షలు. డాక్టరు అవసరమంటే కడుపు స్కానింగు. తెలిసిన కారణం చేతిలో ఉన్నాక, నేల ఉసిరి వాడాలనుకుంటే డాక్టరుకు చెప్పి, చదువుకున్న ఆయుర్వేద వైద్యుడి సలహాతో వాడండి. చెప్పకుండా వాడవద్దు. మగత, మాట తడబాటు, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చలిజ్వరం, పొట్ట ఉబ్బు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పుట్టిన బిడ్డ పచ్చబడితే పసరు చుక్క కూడా వేయకండి, పిల్లల డాక్టరుకు చూపించండి. చేతి మణికట్టు మీద వాతలు పెట్టించకండి. ఉప్పూ నూనే మానిపించి మనిషిని ఎండబెట్టే పథ్యం కంటే, తినగలిగినంత తిండి కాలేయానికి మేలు చేస్తుంది.

ఎవరు దూరంగా ఉండాలి

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు లోపలికి తీసుకోవద్దు. ఇది రక్తంలో చక్కెరను తగ్గించవచ్చు కనుక మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవారు జాగ్రత్త. మూత్రం ఎక్కువ చేసే గుణం ఉంది కనుక రక్తపోటు మాత్రలు, మానసిక జబ్బుకు లిథియం వాడేవారు ముందు డాక్టరును అడగాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, ఆపరేషనుకు సిద్ధమవుతున్నవారు కూడా అంతే. బాగున్న మనిషి కాలేయం "శుభ్రం" చేసుకోవడానికి నెలల తరబడి రోజూ తాగడం నేను ఒప్పుకోను. జబ్బు లేనివాడికి మందెందుకు?

వచ్చే ఏడాదికి

అన్నీ పీకేయకుండా రెండు మొక్కలు కుండీలో వదిలేయండి. విత్తనం దాచుకోవాలంటే కాయలు పసుపు తిరిగే వేళ రెమ్మలు కోసి కాగితం కవరులో వేసి మూతి మడవండి. రెండు మూడు రోజుల్లో లోపల టపటపమని చిన్న చప్పుడు వినిపిస్తుంది. అది కాయలు పగిలి గింజలు చిమ్ముతున్న చప్పుడు. తొలకరికి ఆ గింజలను మట్టి మీద చల్లి, పైన మట్టి కప్పకుండా నీళ్లు చిలకరించండి. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. మొలిచాక ఇంట్లో పిల్లలను పిలిచి, రెమ్మ తిరగేసి ఆ కాయల వరస వాళ్లకూ చూపించండి.